గాలి సోకని చోట

ల్యాబ్ నుంచి వచ్చిన కాగితం మీద రెండే ఇంగ్లీషు మాటలున్నాయి: నో గ్రోత్. మా చిన్నాన్న దవడ కింది గడ్డ నుంచి తీసిన చీములో ఏ సూక్ష్మజీవీ పెరగలేదని దానర్థం. ఆ గడ్డ కోసిన రోజు అక్కడున్న వాళ్లెవరూ ఆ మాట నమ్మరు. కత్తి పెట్టగానే లేచిన దుర్వాసన తెర ఇవతల నిల్చున్న నా దాకా వచ్చింది. నర్సు వెళ్లి కిటికీ రెక్కలు బార్లా తెరిచింది. ముప్ఫై ఏళ్లుగా చేపల రేవులో బతుకుతూ కంపంటే లెక్కలేని మనిషి, ఆయనే మాట కూడదీసుకుని "ఏటమ్మా డాక్టరమ్మా, ఆ కంపు నాలోదేనా?" అని అడిగాడు.

చిన్నాన్నది శ్రీకాకుళం జిల్లా తీరం. తొంభైల్లో పడవ ఇంజన్ల పని నేర్చుకుని అండమాన్ వెళ్లి, పోర్ట్‌బ్లెయిర్‌లో మత్స్యకారులుండే జంగ్లీఘాట్‌లో స్థిరపడ్డాడు. 2024 సెప్టెంబర్‌లో కేంద్రం ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చినా మావాళ్ల నోట ఇంకా పాత పేరే. అక్కడ తెలుగు వినపడటం వింత కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో ప్రతి వంద మందిలో 13 మందికి తెలుగే మాతృభాష. వార్తల పని మీద నేను వెళ్లిన వారంలోనే ఆయన దవడ వాపుతో ఓడ దిగాడు. గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బేలో ఇంజన్ రిపేరు ఒప్పుకుని వెళ్లాడు. కింది దవడలో పుచ్చిన పన్ను మూడు వారాలుగా సలుపుతోంది. పగలు నొప్పి మాత్ర, రాత్రి ఆ పంటి పక్కన ఖైనీ. పని మధ్యలో వదిలేస్తే కూలి రాదు. పన్ను పీకించుకోవడానికి పోర్ట్‌బ్లెయిర్ రావాలంటే దాదాపు రెండు రోజుల ఓడ ప్రయాణం. నోరు తెరవలేని స్థితి వచ్చాకే బయల్దేరాడు.

"నో గ్రోత్ అంటే ఏమీ లేవని కాదన్నయ్యా" అంది విజయనగరం నుంచి వచ్చి అక్కడ పనిచేస్తున్న జూనియర్ డాక్టర్. "మేం పెంచి చూపించలేకపోయాం అని. దూదిపుల్లకు అద్దుకుని పంపిన చీములో అవి గాలి తగిలి చచ్చిపోతాయి. బతికి ఉన్నా మామూలు ప్లేటు మీద గాలిలో పెరగవు. బాబాయ్‌గారికి ఏం వచ్చిందో మాకు వాసనే చెప్పింది. మందు ఆ రాత్రే మొదలుపెట్టాం."

గాలి తగిలితే చచ్చిపోయే జీవాలు! మన బడి పాఠాల్లో గాలి లేకపోతే ప్రాణం పోతుంది. వీటికి గాలే విషం. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే గాలిలోని ఆక్సిజన్. ఆక్సిజన్‌ను వాడుకునే క్రమంలో పుట్టే ప్రమాదకరమైన పదార్థాలను విరగ్గొట్టే ఎంజైములు మన కణాలకు పుష్కలంగా ఉన్నాయి. ఈ బ్యాక్టీరియాలో చాలావాటికి అవి లేవు, ఉన్నా చాలవు. గాలి లేకుండా బతికే జీవం ఉందని 1861లో మొదట చెప్పింది లూయీ పాశ్చర్. బ్యుటిరిక్ ఆమ్లం పుట్టించే పులియబెట్టే ప్రక్రియను సూక్ష్మదర్శినిలో చూస్తుంటే, గాలి తగిలే అంచుల్లో సూక్ష్మజీవులు కదలిక మాని పడి ఉన్నాయి. మధ్యలో ఉన్నవి మాత్రం చలాకీగా తిరుగుతున్నాయి. వాటికి ఆయన పెట్టిన పేరే అనెరోబ్. తెలుగు పాఠ్యపుస్తకాల్లో అవాయు జీవులు.

అవి ఎక్కడో బురదలోనే లేవు. మనిషి ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని 2016లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. మన సొంత కణాలు 30 లక్షల కోట్లు. ఆ బ్యాక్టీరియాలో అత్యధికం పెద్దపేగులో ఉంటాయి. అక్కడ గాలి గిట్టనివి మిగతావాటికంటే వంద నుంచి వెయ్యి రెట్లు ఎక్కువ. గాలి ఆడే నోట్లో కూడా అవి ఉన్నాయి. పంటికీ చిగురుకీ మధ్య సందు, నాలుక మీది మడతలు, పళ్లపై పేరుకునే పాచి అడుగు పొరలు, ఇవన్నీ ఆక్సిజన్ చేరని గుహలే. ఆరోగ్యంగా ఉన్న మనిషి నోట్లోనూ ఇవి కాపురముంటాయి.

ఇవి శత్రువులు కావు. పేగులోని అవాయు బ్యాక్టీరియా మనం అరిగించుకోలేని పీచును పులియబెట్టి, పాశ్చర్ చూసిన ఆ బ్యుటిరిక్ ఆమ్లం రూపంలోనే పేగు గోడ కణాలకు ఆహారం అందిస్తాయి. కొన్ని విటమిన్ కె తయారుచేస్తాయి. చోటంతా ఆక్రమించి, చెడ్డవాటికి జాగా లేకుండా చేస్తాయి. యాంటీబయాటిక్స్ అతిగా వాడి వీటిని తుడిచిపెడితే క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిలి అనే మరో అవాయు జీవి విజృంభించి ప్రాణాంతకమైన విరేచనాలు తెప్పిస్తుంది. ఊళ్లో ఉన్న కాపలాదారులను మనమే పంపేసి, దొంగలు పడ్డారని వాపోవడం లాంటిది అది.

మరి కాపలాదారు ఎప్పుడు తిరగబడతాడు? తిరగబడడు. తన చోటు నుంచి తోసేసినప్పుడు, కొత్త చోట గాలి ఆడనప్పుడు, తన బతుకు తాను బతుకుతాడు. దాన్నే మనం ఇన్‌ఫెక్షన్ అంటాం. చిగురు చిట్లినా, అపెండిక్స్ పగిలినా, పేగుకు చిల్లు పడినా అవి రాకూడని చోటికి వస్తాయి. అక్కడ నెత్తురు ప్రవాహం బాగుంటే ఆక్సిజనే వాటి పని పడుతుంది. నలిగిన కండరంలో, నెత్తురు అందని మాంసంలో, అదుపు తప్పిన మధుమేహ రోగి కాలిపుండులో ఆ రక్షణ ఉండదు. పైగా అవి ఒంటరిగా రావు. ఆక్సిజన్ వాడుకునే బ్యాక్టీరియా ముందు దిగి, ఉన్న కాస్త ఆక్సిజన్‌ను ఖర్చు చేస్తాయి. గాలి సోకని ఆ గూట్లోకి ఇవి దిగుతాయి. చీము కడుతుంది. అవి విడిచే ఆమ్లాలు, గంధకపు సమ్మేళనాలే ఆ దుర్వాసన. 1898లోనే ఫ్రాన్స్‌లో వెయోన్, జూబేర్ అనే ఇద్దరు వైద్యులు అపెండిసైటిస్ లాంటి వ్యాధుల చీములో ఇవి ఉన్నాయని చూపారు. అయినా చాలా దశాబ్దాలు వైద్యలోకం వీటిని పెద్దగా పట్టించుకోలేదు. కారణం, పెంచడం కష్టం. కాగితం మీదకు ఎక్కనిది లేనట్టే లెక్క.

వీటికి సరైన మందు దొరకడం కూడా ఓ పక్కదారి కథ. మన ఇళ్లలో మెట్రోజిల్, ఫ్లాజిల్ అంటే విరేచనాల మాత్రలు. మెట్రోనిడజోల్ అనే ఆ మందు మొదట స్త్రీలకు వచ్చే ట్రైకోమోనాస్ ఇన్‌ఫెక్షన్ కోసం వచ్చింది. ఆ మందు వాడుతున్న ఒకామెకు కుళ్లిన చిగుళ్లు కూడా నయమయ్యాయని బ్రిటన్‌లో షిన్ అనే దంతవైద్యుడు 1962లో లాన్సెట్ పత్రికకు రాశాడు. దాంతో ఆ మందుకు కొత్త జీవితం మొదలైంది. గమ్మత్తేమంటే అది పనిచేయాలన్నా ఆక్సిజన్ ఉండకూడదు. అవాయు జీవి లోపలికి వెళ్లాకే అది విషంగా మారి, దాని డీఎన్‌ఏను తెంచుతుంది. చిన్నాన్న చేతికి ఎక్కించిన సెలైన్ బాటిళ్లలో ఒకటి అదే. అయితే గడ్డ కోసి చీము తీయకుండా మందు ఒక్కటే పోస్తే లాభం లేదని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. నెత్తురు చేరని చోటికి మందూ సరిగా చేరదు.

ఆయన కోలుకుంటున్న రోజుల్లో, సాయంత్రం ఖాళీ దొరికితే నేను సెల్యులార్ జైలు వైపు నడిచేవాణ్ణి. ఎం.ఏ.లో రాజనీతిశాస్త్రం చదివినవాడికి అది చూసి తీరాల్సిన చోటు. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తిచేసిన ఆ జైలుకు ఏడు రెక్కలుండేవి. ఇప్పుడు మిగిలినవి మూడు. స్వాతంత్య్రం వచ్చాక ఆ ఆవరణలోనే గోవింద్ వల్లభ్ పంత్ పేరిట ప్రభుత్వాసుపత్రి వెలిసింది. ఊపిరి తీసిన చోటే ఊపిరి పోసే చోటు రావడం మన రాజ్యం చేసిన మంచి పనుల్లో ఒకటి. జైలు ఎదుటి పార్కులో అక్కడ చనిపోయిన ఖైదీల విగ్రహాలున్నాయి. వాటిలో మూడు 1933 మే నెలవి. మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నమదాస్, మోహిత్ మొయిత్రా.

ఆ ఏడాది మే 12న రాజకీయ ఖైదీలు నిరాహార దీక్ష మొదలుపెట్టారు. కోరింది రాజ్యాన్ని కాదు. ఒళ్లు రుద్దుకోవడానికి సబ్బు, పడుకోవడానికి మంచం, తినగలిగే తిండి, చదువుకోవడానికి పుస్తకాలు, ఒకరితో ఒకరు మాట్లాడుకునే వీలు. జైలు అధికారులు బలవంతంగా తిండి పెట్టడానికి దిగారు. అది ఎలాగో తెలుసుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. నలుగురైదుగురు మీద పడి కాళ్లూ చేతులూ అదిమిపట్టి, ముక్కులోంచి రబ్బరు గొట్టం దించి పాలు పోస్తారు. గొంతులో అన్ననాళం, శ్వాసనాళం పక్కపక్కనే మొదలవుతాయి. మనిషి సహకరిస్తే మింగేటప్పుడు శ్వాసనాళం మీద మూత పడుతుంది. పెనుగులాడుతూ, అరుస్తూ, దగ్గుతూ ఉన్న మనిషిలో ఆ మూత తెరిచే ఉంటుంది. లాహోర్ కుట్ర కేసులో భగత్ సింగ్ సహచరుడైన మహావీర్ సింగ్ ఊపిరితిత్తుల్లోకి అలాగే పాలు వెళ్లాయి. మే 17న, దీక్ష ఆరో రోజున ఆయన మరణించాడు. శవానికి రాళ్లు కట్టి సముద్రంలో వదిలారని ఆయన తోటి ఖైదీల కథనం. మే 26న నమదాస్, 28న మొయిత్రా పోయారు. బలవంతపు తిండి తర్వాత వచ్చిన న్యుమోనియాతో.

న్యుమోనియా. ఆ మాట దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. వైద్యపరంగా అది తప్పు కాదు. ఊపిరితిత్తుల్లోకి పాలు, కడుపులోని ఆమ్లం వెళితే మొదట వాటి గోడలు మాడినట్టు వాస్తాయి. దాంతోపాటు గొట్టం తోసుకెళ్లిన నోటి సూక్ష్మజీవులూ ఉంటాయి. ఉపవాసంలో నోరు ఎండి లాలాజలం తగ్గితే అవి ఇంకా పెరుగుతాయి. ఇలా నోట్లోది ఊపిరితిత్తుల్లోకి జారి వచ్చేదాన్ని ఆస్పిరేషన్ న్యుమోనియా అంటారు. దీనికి ప్రధాన కారణం అవాయు బ్యాక్టీరియాయేనని 1970ల పరిశోధనలు చెప్పాయి. ఇప్పటి అవగాహన కొంచెం మారింది. మొదటి రోజుల్లో మామూలు బ్యాక్టీరియా పాత్రే ఎక్కువనీ, ఊపిరితిత్తిలో చీముగడ్డ కట్టినప్పుడో, దాని చుట్టూ చీము చేరినప్పుడో అవాయు జీవులను తప్పక లెక్కలోకి తీసుకోవాలనీ 2019 నాటి అమెరికన్ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. 1933లో ఈ చర్చకు తావే లేదు. మనుషులకు వాడే తొలి సల్ఫా మందు గురించి లోకానికి తెలిసింది 1935లో. పెన్సిలిన్ ఆసుపత్రులకు చేరింది నలభైల్లో. ఏ బ్యాక్టీరియా అయినా వాళ్లకు దిక్కు తమ ఒంటి శక్తే. అదీ ఉపవాసంతో సగమైంది.

కానీ ఆ మరణాలకు కారణం బ్యాక్టీరియానా? ఆ సూక్ష్మజీవులు పుట్టినప్పటి నుంచీ వాళ్ల నోళ్లలోనే ఉన్నాయి, ఎవరికీ హాని చేయలేదు. వాటిని ఊపిరితిత్తుల్లోకి తోసింది గొట్టం. గొట్టాన్ని తోసింది చెయ్యి. చేతిని ఆడించింది ప్రభుత్వం. న్యుమోనియా అన్న మాట ఆ వరుసలో చివరి మెట్టును మాత్రమే చెప్పి మిగతావాటి మీద తెర దించుతుంది. ఐర్లాండ్‌లో ఇలాగే జరిగింది. 1917 సెప్టెంబర్‌లో డబ్లిన్‌లోని మౌంట్‌జాయ్ జైలులో దీక్షలో ఉన్న థామస్ ఆష్ బలవంతపు తిండి తర్వాత కుప్పకూలి మరణించాడు. అయితే అక్కడ విచారణ జరిపిన జ్యూరీ ఆ తిండి పెట్టిన పద్ధతినే తప్పుపట్టింది. సెల్యులార్ జైలు ఖైదీలకు అలాంటి జ్యూరీ లేదు. వాళ్లకున్నది పట్టుదలే. 46 రోజులు సాగిన దీక్ష జూన్ 26న ముగిశాక పుస్తకాలు వచ్చాయి, దీపాలు వచ్చాయి. స్పృహతో, తెలిసి నిరాహారం ఎంచుకున్న ఖైదీకి డాక్టర్లు కృత్రిమంగా తిండి పెట్టకూడదని ప్రపంచ వైద్య సంఘం టోక్యోలో ప్రకటించడానికి 1975 దాకా ఆగాల్సి వచ్చింది.

జైలు ఖైదీల బాధనూ చిన్నాన్న పంటి నొప్పినీ ఒకే తక్కెట్లో తూచడం నా ఉద్దేశం కాదు. కానీ ప్రశ్న ఒకటే. ఆయన దవడకు చీము పట్టడానికి కారణం ఏమిటి? కాగితం ఏమీ లేదంది. ఇంకాస్త మంచి ల్యాబ్ అయితే, చీమును సిరంజిలోకి లాగి గాలి చొరకుండా మూసి, ఆక్సిజన్ తీసేసిన జాడీలో పెంచి, ఫ్యూసోబ్యాక్టీరియం అనో ప్రివోటెల్లా అనో పేరు రాసేది. అదీ సగం జవాబే. మిగతా సగంలో పుచ్చిన పన్ను ఉంది, ఖైనీ ఉంది, పని వదిలేస్తే ఎగిరిపోయే కూలి ఉంది, రెండు రోజుల సముద్రం ఉంది. పంటి నుంచి చీము గొంతు కిందికి పాకి శ్వాసదారిని నొక్కేస్తే ప్రాణం గంటల్లో పోవచ్చు. చిన్నాన్నకు అంత దాకా రాలేదు. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే చెప్పలేమని డాక్టరమ్మ అంది.

బయటి నుంచి వచ్చే అవాయు శత్రువుతో మనం గెలవగలమని రుజువైంది. మట్టిలో ఉండే ధనుర్వాతం బ్యాక్టీరియా కూడా గాలి గిట్టనిదే. మురికి కొడవలితో బొడ్డు కోసిన రోజుల్లో అది పసికందులను పొట్టన పెట్టుకునేది. గర్భిణులకు టీకా, శుభ్రమైన కాన్పు, ఈ రెంటితో నవజాత ధనుర్వాతాన్ని నిర్మూలించిన తొలి రాష్ట్రంగా 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు గుర్తింపు వచ్చింది. 2015లో దేశమంతటికీ వచ్చింది. లోపలివాళ్లకు టీకా ఉండదు, వాళ్లు లేకుండా మనకు గడవదు. వాళ్లను వాళ్ల చోట ఉంచడమొక్కటే మార్గం. అది చాలా సాదా పని. పుచ్చిన పన్నును పుచ్చినప్పుడే చూపించుకోవడం. చక్కెరను అదుపులో ఉంచడం. పక్షవాతంతో మంచాన పడ్డ పెద్దవాళ్లకు పడుకోబెట్టి కాకుండా కూర్చోబెట్టి తినిపించడం, వాళ్ల నోరు రోజూ శుభ్రం చేయడం. జపాన్ వృద్ధాశ్రమాల్లో రెండేళ్లు గమనించి 1999లో ప్రచురించిన అధ్యయనంలో, నోరు శుభ్రం చేసినవాళ్లలో 11 శాతం మందికి న్యుమోనియా వస్తే, ఆ శ్రద్ధ అందనివాళ్లలో 19 శాతం మందికి వచ్చింది. ఒక బ్రష్షు, ఒక మనిషి ఓపిక తెచ్చిన తేడా అది. దవడ వాచి, జ్వరం వచ్చి, నోరు తెరవడమో మింగడమో కష్టమైతే మాత్రం ఇంట్లో ఉన్న మెట్రోజిల్ మింగి తెల్లారేదాకా చూడకూడదు. అదే పూట ఆసుపత్రికి వెళ్లాలి.

ఆసుపత్రిలో మరణం సంభవిస్తే డాక్టర్లు నింపే ధ్రువీకరణ ఫారంలో ఒకే గడి ఉండదని ఆ రోజుల్లోనే తెలుసుకున్నాను. మొదటి వరుసలో తక్షణ కారణం రాయాలి. దాని కింద, దానికి దారితీసింది ఏమిటి? ఇంకా కింద, దానికి మూలం ఏమిటి? వైద్యం తనకు తాను పెట్టుకున్న ఈ క్రమశిక్షణ నాకు రాజనీతిశాస్త్రం చెప్పిన పాఠంలాగే కనిపించింది. మొదటి వరుస నింపి సంతకం పెట్టడం తేలిక. 1933లో అండమాన్‌లో మొదటి వరుసే నింపారు. కింది రెండు వరుసలనూ పార్కులోని ఆ మూడు విగ్రహాలు నింపుతున్నాయి.